కళింగపట్నం దగ్గర చార్టు చూపే లోతును ఎంతవరకు నమ్మవచ్చు?

చంపావతి_తెరచాప (విజయనగరం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో కట్టి ఉంచే 31 అడుగుల తెరచాప పడవ ఒకదానిలో నాకు సగం వాటా ఉంది. దాని కీలు (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే రెక్క) నీటిమట్టం నుంచి 1.5 మీటర్లు కిందికి దిగుతుంది. ఫిబ్రవరి చివర దక్షిణపు గాలి నిలదొక్కుకోగానే బయలుదేరి భీమునిపట్నం, చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు, బారువల మీదుగా గోపాల్‌పూర్ దాకా వెళ్ళాలని నేనూ నా మిత్రుడూ అనుకుంటున్నాము. పగటిపూట మాత్రమే నడుపుతాము, రాత్రులు ఒడ్డుకు కొంత ఎడంగా లంగరు వేసుకుంటాము.

కిందటి మార్చిలో కళింగపట్నం దాకా వెళ్ళి వెనక్కు వచ్చాము. ఆ ప్రయాణంలో ఎదురైన రెండు విషయాలు ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. వంశధార సముద్రంలో కలిసే చోటికి దక్షిణంగా లంగరు వేయబోతూ నా ఫోనులోని చార్టు (సముద్రపు పటం) యాప్ చూస్తే మేమున్న చోట 3.6 మీటర్లు అని ఉంది, అదే నిమిషంలో నా మిత్రుడి ఫోనులోని మరో యాప్ 7.3 అని చూపింది, పడవకున్న ఎకో సౌండర్ (ధ్వనితో లోతు కొలిచే పరికరం) మాత్రం ఆ రెంటితోనూ కలవకుండా 5.1 దగ్గర ఊగుతూ ఉంది. లంగరు వేసి, క్యారేజీ విప్పి అన్నం తింటూ ఉండగా రెండో విషయం జరిగింది. ఫోను వైపు చూసిన మా మిత్రుడు పెద్దగా నవ్వి, మన పడవ ఒడ్డున ఇసుక తిన్నె మీద కూర్చుని ఉన్నదని చూపించాడు. కింద నీళ్ళు తళతళలాడుతూనే ఉన్నాయి, తెరమీద మాత్రం మేము నేల మీద ఉన్నాము.

ఈ రెండు అంకెలలో దేనిని నమ్మాలి? కాగితపు చార్టు కొంటే ఈ తేడా పోతుందా? కీలు 1.5 మీటర్లు దిగే పడవతో నదీ ముఖానికి ఎంత దగ్గరగా వెళ్ళవచ్చు? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సోంపేట_సెకండ్‌మేట్ జవాబు

నేను వాణిజ్య నౌకలలో పదిహేడేళ్ళు పనిచేసి ప్రస్తుతం ఇంటి దగ్గర ఉన్నాను. మా ఉద్దానంలో వీధికొక ఓడ మనిషి దొరుకుతాడు కనుక ఈ ప్రశ్నకు నాకంటే బాగా చెప్పగలవారు ఈ పక్క చాలామందే ఉన్నారు. తోచినంత నేను చెబుతాను.

మొదట స్కేలు సంగతి చూడండి. ఏ చార్టునైనా ఒక స్కేలు మీద తయారు చేస్తారు, ఫోను మాత్రం దానిని ఎంత పెద్దదిగానైనా సాగదీసి చూపుతుంది. 3,00,000కు ఒకటి చొప్పున గీసిన తీరపు చార్టు మీద 0.3 మిల్లీమీటర్ల పెన్సిలు గీత వెడల్పే సముద్రం మీద 90 మీటర్లు అవుతుంది. ఆ చార్టును మీరు వేళ్ళతో లాగి, ఒక్కొక్క పడవా కనిపించేంతగా పెంచి, ఇక్కడ 3.6 ఉన్నదని అనుకుంటే, ఆ అంకెకు నిజంగా చెందిన చోటు మీకు వంద మీటర్ల అవతల ఉండవచ్చు. కాగితపు చార్టుకు ఉన్న పెద్ద మేలు అది సాగకపోవడమే.

పెంచితే ఒక ప్రమాదం, తగ్గిస్తే మరొకటి. ఎలక్ట్రానిక్ వెక్టర్ చార్టులలో తెర నిండిపోకుండా ఉండడానికి దూరం నుంచి చూసేటప్పుడు కొన్ని వివరాలను దాచివేస్తారు. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేస్‌లో పాల్గొంటున్న టీమ్ వెస్టాస్ విండ్ అనే పందెపు పడవ మారిషస్‌కు ఈశాన్యాన ఉన్న కార్గడోస్ కరజోస్ పగడపు దిబ్బల మీదికి రాత్రి వేళ దూసుకుపోయింది. ఆ దిబ్బలు చార్టులో ఉన్నాయి, కాని నావికులు చూస్తున్న దూరపు స్థాయిలో అవి దిబ్బలుగా కనిపించలేదు. తొమ్మిది మంది ప్రాణాలతో బయటపడ్డారు. అప్పటి నుంచి నేను కాపలాకు వచ్చిన ప్రతిసారీ ముందున్న దారిని మొదటి నుంచి చివరి దాకా దగ్గరి స్థాయిలో ఒకసారి జరిపి చూసుకునేవాడిని, దానికి పది నిమిషాలు పట్టేది.

ఇక మీ పడవ ఇసుక మీదికి ఎక్కిన సంగతి. అది డేటమ్ (అక్షాంశ రేఖాంశాల లెక్కకు తీసుకునే ఆధారం) తేడా అయి ఉండవచ్చు. మన దేశపు పాత పటాలు 1830 నాటి ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి కట్టిన లెక్క) ఆధారంగా గీసినవి, జీపీఎస్ మాత్రం డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో చోటు చెబుతుంది. ఒకే చోటుకు ఈ రెండు లెక్కలలో వచ్చే అక్షాంశ రేఖాంశాలు కలవవు, చోటును బట్టి కొన్ని వందల మీటర్ల దాకా తేడా వస్తుంది. పాత కాగితపు చార్టు మీద, ఉపగ్రహం ద్వారా తెలిసిన స్థానాన్ని ఇన్ని నిమిషాలు ఈ దిక్కుకు జరిపి గుర్తించాలి అని ఒక హెచ్చరిక అచ్చు వేసి ఉండేది. దానిని స్కాన్ చేసి ఫోనులోకి ఎక్కించినవారు ఆ హెచ్చరికను పాటించారో లేదో మనకు తెలియదు.

కనుక దెహ్రాదూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం విడుదల చేసే అధికారిక చార్టులనే కొనండి, పదిహేను రోజులకొకసారి వచ్చే నావికుల ప్రకటనలతో వాటిని సవరించుకుంటూ ఉండండి. ముఖ్యంగా సంతబొమ్మాళి మండలంలో మూలపేట దగ్గర కొత్త రేవు కడుతున్నారు కాబట్టి, భావనపాడు పరిసరాలలో రెండు మూడేళ్ళ కిందటి చార్టు చూపే తీరం ఇప్పుడు అలాగే ఉంటుందని అనుకోకండి.

సీసపుగుండు (విజయనగరం) జవాబు

సెకండ్‌మేట్ గారు చెప్పినవన్నీ సరైనవే, కాని అధికారిక చార్టు కొంటే సరిపోతుందన్న చోట నాకు కొంత పేచీ ఉంది. నేను సర్వే ఓడల మీద పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మేము కొలిచినదానిని నమ్మవద్దని నేనే ఎలా చెబుతాను? నా పేచీ అంతా మేము కొలవని చోట్ల గురించే.

ప్రశ్న వేసిన బాబు రాసిన అంకెలు చూడగానే నాకు నవ్వు వచ్చింది. 3.6 అంటే రెండు బారలు. 7.3 అంటే నాలుగు బారలు. ఇంగ్లీషువారి ఫాదమ్, మన జాలరుల బార దాదాపు ఒకటే, చేతులు రెండూ చాపినంత, సుమారు 1.83 మీటర్లు. పూర్వం లోతులన్నీ బారలలోనే అచ్చువేసేవారు. తరువాత మీటర్లలోకి మార్చినప్పుడు రెండు 3.6 అయింది, నాలుగు 7.3 అయింది, అయిదు 9.1, ఏడు 12.8. మీరు ఏ ఆధునిక యాప్‌లోనైనా, ఎంత రంగురంగుల చార్టులోనైనా ఒక ప్రాంతంలో 3.6, 7.3, 9.1, 12.8 అనే అంకెలే మళ్ళీమళ్ళీ కనిపిస్తే, ఆ దశాంశ బిందువును చూసి ఎంత కచ్చితంగా కొలిచారో అని మురిసిపోకండి. ఎప్పుడో ఒక మనిషి పడవ అంచున నిలబడి తాడు కట్టిన సీసపు గుండును నీటిలో వేసి, రెండు బారలు అని కేక వేస్తే పక్కవాడు రాసుకున్న అంకె అయి ఉండడానికే అవకాశం ఎక్కువ. అది యంత్రంతో పది సెంటీమీటర్ల దాకా కొలిచినది కాదు.

ఆ గుండు అడుగున చిన్న గుంట ఉండేది. దానిలో కొవ్వు నింపి వదిలితే, పైకి లాగినప్పుడు ఇసుకో బురదో గవ్వముక్కో అంటుకుని వచ్చేది, ఏమీ అంటకుండా మచ్చ పడి వస్తే కింద రాయి ఉన్నదని గుర్తు పెట్టుకునేవారు. నేను చేరేనాటికి ఎకో సౌండర్లు వచ్చేశాయి, అయినా శిక్షణలో మా చేత గుండు వేయించారు. రోజంతా వేస్తే భుజం పడిపోయేది. ఆ పనిచేసిన పూర్వికుల మీద నాకు అప్పుడు పెరిగిన గౌరవం ఇంకా తగ్గలేదు. గుండు పడిన చోట వారు రాసిన లోతు చాలావరకు సరిగ్గానే ఉండేది. చిక్కల్లా గుండు పడని చోటే. ఒక గుండుకూ మరొక గుండుకూ నడుమ, ఒక వరుసకూ మరొక వరుసకూ నడుమ ఏముందో వారికి తెలియదు, తెలిసిందని వారు చెప్పనూ లేదు. తరువాత వచ్చిన ఎకో సౌండర్ కూడా పడవ నడిచిన గీత వెంట మాత్రమే కొలుస్తుంది. సర్వే స్కేలు మీద సాధారణంగా ఒక సెంటీమీటరు ఎడంతో ఆ గీతలు నడిపేవారు. 25,000కు ఒకటి స్కేలు అయితే గీతకూ గీతకూ నడుమ 250 మీటర్లు. మీ ఇల్లు, పక్కిల్లు, వీధి చివర గుడి కూడా ఆ సందులో మునిగి ఉంటే చార్టుకు తెలియదు.

కనుక మీ రెండు యాప్‌ల తగవు నాకు ఇలా తోస్తున్నది. రెండూ ఒకే పాత సర్వే అంకెలను తీసుకున్నాయి. ఒకటి మీకు ఒడ్డు వైపున్న రెండు బారల అంకెను, మరొకటి సముద్రం వైపున్న నాలుగు బారల అంకెను మీ దగ్గరిదిగా ఎంచుకుంది. మీరు నిలిచిన చోట ఎవరూ ఎప్పుడూ గుండు వేసి ఉండరు. ఆ నడుమ 5.1 ఉన్నదని కొలిచిన మొదటివారు బహుశా మీరే. (మీ ఎకో సౌండర్ లోతును నీటిమట్టం నుంచి చూపుతున్నదో, కీలు కింది నుంచి చూపుతున్నదో, పరికరం బిగించిన చోటు నుంచి చూపుతున్నదో ముందు తేల్చుకోండి. ఆ చిన్న సంగతి తెలియక ఇసుక ఎక్కినవారిని చూశాను.)

1992 ఆగస్టు 7న క్వీన్ ఎలిజబెత్ 2 అనే మహానౌక అమెరికాలోని మసాచుసెట్స్ తీరం దగ్గర అడుగున రాతిని గీసుకుంది. అక్కడి చార్టు 1939 నాటి సర్వే ఆధారంగా 39 అడుగుల లోతు చూపుతూ ఉండేది. వేగంగా పోయే ఓడ తక్కువ నీటిలో ఇంకాస్త కిందికి కుంగుతుంది, ఆ కుంగుబాటు ఒకటీ, ఆ సర్వేకు దొరకకుండా మిగిలిన రాయి ఒకటీ కలిసి వచ్చాయి. అది ఎవరూ తిరగని మారుమూల సముద్రం కాదు, రోజూ ఓడలు నడిచే అమెరికా తీరం.

అయితే కొత్త సర్వే ఎందుకు చేయరు అని మీరు అడగవచ్చు. చేస్తున్నారు. 2024 ఫిబ్రవరి 3న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ సంధాయక్ ఆ పనికోసం కట్టిన ఓడే, అదే సంవత్సరం డిసెంబరులో ఐఎన్‌ఎస్ నిర్దేశక్ కూడా అక్కడే చేరింది. కాని తీరం పక్క నీటిని కొలవడం నడిసముద్రాన్ని కొలవడం కంటే ఎంతో కష్టం. ఇప్పటి మల్టీబీమ్ పరికరం విసనకర్రలా ధ్వనిని పరచి, ఒక్కసారిగా వెడల్పాటి పట్టీని కొలుస్తుంది, కాని ఆ పట్టీ వెడల్పు నీటి లోతుకు సుమారు మూడు నాలుగు రెట్లే ఉంటుంది. వెయ్యి మీటర్ల లోతులో ఒక దఫాకు మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పు వస్తే, అయిదు మీటర్ల లోతులో పదిహేను ఇరవై మీటర్లే వస్తుంది. పొలం దున్నడానికి ట్రాక్టరు తెచ్చుకుని, ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి చేత్తో పార పట్టినట్టు ఉంటుంది ఆ పని. పైగా కెరటం విరిగే చోటికి సర్వే బోటును పంపితే బోటూ మిగలదు, పరికరమూ మిగలదు. అందుచేత పెద్ద రేవుల దారులకు, పెద్ద ఓడలు నడిచే చోట్లకు మొదటి వంతు వస్తుంది. రేవుగా వాడకంలో లేని నదీ ముఖాలు వరుసలో వెనకబడతాయి. మీలాంటి చిన్న పడవవారికి కావలసినవి మాత్రం సరిగ్గా ఆ చోట్లే.

మీరు ఏ చార్టు కొన్నా ముందుగా చూడవలసింది లోతు అంకెలను కాదు. కాగితపు చార్టులో ఒక మూల చిన్న పటంలా ఉండి, ఏ భాగాన్ని ఏ సంవత్సరంలో, ఏ స్కేలు మీద కొలిచారో చెప్పే బొమ్మ ఉంటుంది. ఎలక్ట్రానిక్ చార్టులో అదే విషయాన్ని క్యాట్‌జాక్ అనే శ్రేణులుగా చూపుతారు. నక్షత్రాల గుర్తులు ఉంటాయి, ఆరు నక్షత్రాలుంటే ఏ1, అయిదుంటే ఏ2, నాలుగుంటే బి, మూడుంటే సి, రెండుంటే డి. అసలు ఎంచనిదానికి యు అనే అక్షరం ఉంటుంది. చాలా యాప్‌లలో ఈ పొరను మనమే తెరిచి చూడాలి, మామూలుగా అది మూసి ఉంటుంది.

ఆ శ్రేణి ఏం చెబుతుందో మీ 3.6 మీదే లెక్క వేసి చూపుతాను. ఏ1 శ్రేణిలో లోతు తప్పు అర మీటరుకు తోడు లోతులో ఒక శాతం వరకు ఉండవచ్చు, అంటే 3.6 అన్నది కనీసం 3.06 ఉంటుంది, మీ కీలుకు ధోకా లేదు. సి శ్రేణిలో రెండు మీటర్లకు తోడు లోతులో అయిదు శాతం, అంటే 2.18 తీసివేయాలి, మిగిలేది 1.42. మీ కీలు 1.5. చార్టు అబద్ధం చెప్పకుండానే, తాను ముందే ఒప్పుకున్న హద్దులో ఉంటూనే మిమ్మల్ని ఇసుక మీద కూర్చోబెట్టగలదు. అదే శ్రేణిలో చోటు తేడా 500 మీటర్ల వరకు ఉండవచ్చు, పైగా అడుగు మొత్తం వెతకలేదు కనుక చార్టులో లేని గుట్టలు ఉండే అవకాశాన్ని ఆ శ్రేణి ముందే చెబుతుంది. డి అయితే ఇంతకంటే కనాకష్టం.

అలల గుంతలో పడవ కిందికి దిగే దూరాన్ని ఈ లెక్కకు మీరే కలుపుకోవాలి. మరొక మాట. బంగాళాఖాతపు నీటిమట్టం సంవత్సరం పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరు నెలలలో ఎత్తుగా, మార్చి, ఏప్రిల్ నెలలలో తక్కువగా ఉంటుంది, మీరు బయలుదేరేది ఆ తగ్గిన నీటిలోనే. ఎవరైనా వానలు తగ్గాక ఫలానా చోట నీరు బాగానే ఉందని చెబితే, ఆ మాటను మార్చికి వర్తింపజేయకండి. పోటుపాట్ల పట్టిక చూసే లెక్క కట్టండి.

పడవ ఇసుక ఎక్కిన సంగతికి డేటమ్ కారణమా, ఇసుకే కదిలిందా అని తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఒకసారి కారులో కళింగపట్నం వెళ్ళి లైట్‌హౌస్ గోడ పక్కన ఫోను పట్టుకుని నిలబడండి. ఆ కట్టడం కదలదు. చార్టులోని లైట్‌హౌస్ గుర్తుకూ మీ చుక్కకూ నడుమ కూడా అంతే తేడా ఉంటే డేటమ్ తప్పు. అక్కడ సరిపోయి ఒడ్డు గీత మాత్రమే తప్పితే ఇసుక కదిలింది. అయితే లైట్‌హౌస్ స్థానాన్ని నావికుల ప్రకటన ద్వారా విడిగా సరిదిద్దే వీలు ఉంది కాబట్టి, చార్టులో గుర్తించిన పాత కట్టడం మరొకటి దగ్గర కూడా అదే పరీక్ష చేయండి.

వంశధార_బడిపంతులు జవాబు

అయ్యా, పెద్దలందరూ చార్టు గురించి ఇంత వివరంగా రాశారు, సంతోషం. నేను కళింగపట్నం దగ్గరి జాలరిపేటలో పుట్టి, ప్రస్తుతం గార మండలంలో పాఠాలు చెప్పుకుంటున్నవాడిని. మా నాన్నగారు యాభై ఏళ్ళు సముద్రం మీద బతికారు, తమ్ముడు ఇప్పటికీ వేటకు వెళుతున్నాడు. విశాఖ నుంచి సరదాగా పడవలు తెచ్చేవారు అన్ని యాప్‌లనూ అడుగుతారు గాని, ఒడ్డున వల అల్లుతూ కూర్చున్న మనిషిని ఒక మాట అడగరన్నది నా చిన్న ఫిర్యాదు.

వంశధార మొగ ఒక చోట ఉండేది కాదు. వరద వచ్చినప్పుడు ఏరు తనకు నచ్చిన చోట ఇసుకను తెంపుకుని సముద్రంలోకి దూకుతుంది. వరద తగ్గాక కెరటం ఆ ఇసుకనే తిరిగి తెచ్చి మొగకు అడ్డంగా మేట వేస్తుంది. దక్షిణపు గాలి నెలలలో తీరం వెంట ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటి వంశధారకు వరద తెచ్చాక మా పేటవాళ్ళు పడవలు తీసే దారే మారిపోయింది. మా తమ్ముడు మూడు రోజులు ఖాళీ పడవతో వెళ్ళి, గెడ దించి చూసుకుంటూ, కొత్త దారి తెలుసుకున్నాకే వల ఎక్కించాడు. ఏ సర్వే ఓడ వచ్చి కొలిచినా, అది అచ్చయ్యేలోగా మా మొగ ఒకసారి పక్కకు తిరిగి పడుకుంటుంది. నాగావళి కలిసే కళ్ళేపల్లి వైపు, చంపావతి కలిసే కోనాడ వైపు కూడా ఇదే కథ అని మా చుట్టాలు చెబుతారు. కనుక ఆ బాబు పడవ ఇసుక మీద ఉన్నట్టు ఫోను చూపితే, ఆ ఇసుక ఒకప్పుడు నిజంగానే అక్కడ ఉండి ఉంటుందని నా అనుమానం.

చోటు గుర్తు పెట్టుకోవడానికి మా వాళ్ళకు డేటమ్‌తో పనిలేదు. ఒడ్డున ఉన్న రెండు గుర్తులను ఒకే వరుసలోకి తెచ్చుకుంటారు, ముందు లైట్‌హౌస్, దాని వెనక ఫలానా కొండ కొన. పక్కకు తిరిగి మరో రెండు గుర్తులను అలాగే కలుపుతారు. ఆ రెండు గీతలూ కలిసే చోటే రాయి. బారువ వైపు వెళితే 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉండనే ఉంది, తెల్లవారుజామున మబ్బు లేకపోతే చాలా దూరం నుంచి కనిపిస్తుంది. మీ పడవకు కూడా ఈ పద్ధతి పనికివస్తుంది, బ్యాటరీ అయిపోదు.

సీసపుగుండు (విజయనగరం) జవాబు

పంతులుగారూ, రెండు గుర్తులను వరుసలోకి తెచ్చే పద్ధతిని మేమూ సర్వేలో వాడేవాళ్ళం, అంతకంటే నమ్మకమైనది నాకు తెలియదు. కాని ఒక సందేహం మనవి చేసుకుంటాను. తెప్పకు అడుగు లోతు నీరు చాలు, ఫైబర్ పడవకు మోకాలి లోతు చాలు. అటువంటి పడవలు నడిపేవారికి నీటి కింద మీటరున్నర లోతులో ఉన్న రాయి ఎన్నడూ తగలదు కదా. అక్కడ ఏమీ లేదు, మేము రోజూ వెళతాము అని వారు నిజాయితీగానే చెబుతారు, ఈ బాబు కీలు మాత్రం దానికి తగులుతుంది.

వంశధార_బడిపంతులు జవాబు

పడవకు తగలకపోవచ్చు గాని వలకు తగులుతుంది కదా సార్. వల చిరిగితే వేలల్లో నష్టం. ఎక్కడ రాయి ఉన్నదో, అది ఎన్ని బారల కింద ఉన్నదో మా వాళ్ళకు తెలిసినంత మరెవరికీ తెలియదు. ఏ రాయి దగ్గర ఏ చేప దొరుకుతుందో కూడా తెలుసు, అందుకే ఆ గుర్తులను అందరికీ చెప్పరు. చింతపల్లి ఎదుట ఉన్న రాళ్ళ సంగతే చూడండి. వాటిని హెచ్చరించడానికే అక్కడ దీపస్తంభం కట్టారు, పాత ఇంగ్లీషు చార్టులలో సంతపిల్లి రాక్స్ అని రాసేవి అవే. దొరల ఓడలకు అవి గండం, మా వాళ్ళకు మాత్రం అక్కడ దొరికేది కూర.

అయితే మీరన్నదానిలో న్యాయం ఉన్నది. ఇసుక నేల మీద వల సాఫీగా జారుతుంది కనుక మేట ఎంత లోతున ఉన్నదో మా వాళ్ళు పట్టించుకోరు, అక్కడ బాబు తన పరికరాన్నే నమ్ముకోవాలి. కొత్తగా వచ్చేవారికి మరొక హెచ్చరిక. ఏ చార్టులోనూ లేనివి మా వలలు. రాత్రి వేసి ఉంచిన వలకు ఒక చివర థర్మాకోల్ ముక్కో నూనె డబ్బానో తప్ప దీపం ఉండదు. దానిని పగలే కనిపెట్టడం కష్టం.

సోంపేట_సెకండ్‌మేట్ జవాబు

వలల మాటకు నా ఓటు కూడా వేస్తున్నాను. చార్టుల గురించి ఒక చిన్న సంగతి చేర్చి ఊరుకుంటాను. అధికారిక చార్టు కూడా తప్పవచ్చునని సీసపుగుండు గారు అన్నదానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు. 2013 జనవరి 17న అమెరికా నౌకాదళానికి చెందిన గార్డియన్ అనే నౌక ఫిలిప్పీన్స్‌లోని టుబ్బటాహా పగడపు దిబ్బ మీదికి ఎక్కింది. ఆ దేశపు సైనిక మ్యాపింగ్ సంస్థే తయారుచేసిన డిజిటల్ చార్టులో ఆ దిబ్బ సుమారు ఎనిమిది నాటికల్ మైళ్ళు పక్కకు జరిగి ఉంది. చివరకు ఓడను అక్కడే ముక్కలుగా కోసి తీయవలసి వచ్చింది. ఒక చార్టును మరొక చార్టుతో పోల్చి చూసుకుంటే ఆ తేడా తెలిసేది. కనుక ఆ బాబు రెండు యాప్‌లు పెట్టుకుని తగవు పడడం మంచిదే, ఒక్కటే ఉంటే తేడా ఉన్నదని కూడా తెలిసేది కాదు.

చంపావతి_తెరచాప (విజయనగరం) జవాబు

అందరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం మా ఆవిడను, పిల్లలను తీసుకుని కళింగపట్నం వెళ్ళాను. వాళ్ళు బీచిలో ఉండగా నేను లైట్‌హౌస్ గోడ పక్కన నిలబడి ఫోను చూసుకుంటూ ఉంటే, ఏదైనా ప్రభుత్వ సర్వేనా అని ఇద్దరు వచ్చి అడిగారు. చార్టులోని గుర్తుకూ నేనున్న చోటుకూ పది పన్నెండు మీటర్ల తేడా మాత్రమే ఉంది. ఊరిలో చార్టు గుర్తించిన పాత కట్టడం మరొకటి దగ్గర కూడా చూశాను, అక్కడా అంతే. తరువాత నదీ ముఖం వైపు నడిచి, కెరటం తాకే అంచున నిలబడి చూస్తే నా చుక్క నేల మీద, ఒడ్డు గీతకు దాదాపు 180 మీటర్లు లోపల ఉంది. డేటమ్ తప్పు కాదు, పంతులుగారి మాటే నిజం, అక్కడి ఇసుకే వెళ్ళిపోయింది.

యాప్‌లో మూసి ఉన్న పొరను తెరిచి చూస్తే మేము లంగరు వేసిన చోట మూడు నక్షత్రాలు ఉన్నాయి. చుట్టుపక్కల అంకెలు 3.6, 5.4, 7.3, 9.1. ఆ వరుసను చూశాక సీసపుగుండు గారి గురించి మా ఇంట్లో కూడా మాట్లాడుకున్నాము. మా ఎకో సౌండర్ పరికరం నీటిమట్టానికి 40 సెంటీమీటర్ల కింద బిగించి ఉన్నదని, అక్కడి నుంచే లోతును చూపుతున్నదని కూడా తేలింది, అంటే ఆ రోజు మా కింద ఉన్న నీరు 5.5.

కనుక ఈసారి మొగ దరిదాపులకు వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాము. చార్టు 9.1 చూపే గీతకు బయటే, సముద్రం నెమ్మదిగా ఉంటేనే లంగరు వేస్తాము. లేకపోతే ఆగకుండా భావనపాడు వైపు సాగిపోతాము. ఒడ్డుకు రావలసి వస్తే మా పడవను కదల్చకుండా మీ పేట పడవ ఏదైనా మాట్లాడుకుని వస్తాము. మెరైన్ పోలీసులకు ముందుగా తెలియజేస్తాను. పంతులుగారూ, మీ తమ్ముడిగారిని ఒకసారి కలిసి, ఆ వైపు రాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో చేపల రహస్యాలు అడగకుండా తెలుసుకోవచ్చునా?

వంశధార_బడిపంతులు జవాబు

తప్పకుండా రండి బాబూ. మీకు లైట్‌హౌస్ గుర్తు ఒకటి, దక్షిణాన కొండ గుర్తు ఒకటి చూపిస్తానని, ఆ రెంటి నడుమ ఉంటే కింద ఇసుకే తప్ప రాయి లేదని తమ్ముడు అన్నాడు. మీరు వచ్చే రోజును రెండు రోజుల ముందుగా, లంగరు ఎన్ని బారల నీటిలో వేస్తారన్నది బారలలోనే, ఫోనులో చెప్పండి. ఆ రాత్రికి మా వాళ్ళు ఆ వైపు వల వేయకుండా చూసుకుంటాడట.